పందిమీద మోపిన నేరము



1990వ సంవత్సరము జూన్ నెల మొదలుకొని మరుసటి యేటి జూలై వరకు గల కాలములో, న్యూయార్క్ మహానగరమునందు సనాతనాచారపరులైన యూదుల సమాజములో, ఒండొరులతో నే బంధుత్వమును లేని నలుగురు వ్యక్తులకు మాటిమాటికి మూర్ఛలు రాజొచ్చెను. వైద్యులు వారి మెదడును యంత్రములతో చిత్రించి చూడగా నందు మచ్చలు కానవచ్చెను. ఇరువురి మెదడునుండి చిన్న తునకలు తీసి పరీక్షింపగను, తక్కిన యిరువురి రక్తమును శోధింపగను, అవి పందులయందు పెరుగు ఒక బద్దెపురుగు పిల్లలు చేసికొనిన తిత్తులని నిర్ధారణమయ్యెను. పందిమాంస భక్షణము యూదధర్మమున మహాదోషము. ఆ నలుగురిలో నొక్కరును దానిని ముట్టినవారు కారు. అట్టి గృహములలోనికి పందిపురుగు ఏ ద్వారమున ప్రవేశించెనని విచారించిన పరిశోధకులు, తుదకు ఆ యిండ్లలో పనిపాటలు చేయు సేవకులను పరీక్షించిరి. వారిలో నొకరి ప్రేగులయందు బద్దెపురుగు సజీవముగ నుండెను. మరియొకరి రక్తమున దాని జాడలు కనబడెను. రోగుల దగ్గరి బంధువులు 17 మందిని పరీక్షింపగా వారిలో రెండు కుటుంబములకు చెందిన 7గురి రక్తమునందును ఆ జాడలే తేలినవి.

పందిమాంసము తినుటచేత మెదడులో పురుగు చేరునని మనలో విద్యావంతులు సైతము నమ్మియున్నారు. ఆ నమ్మకము వలన శాకాహారులు తమకు భయములేదని నిశ్చింతగ నుందురు. మాంసాహారులు వేటమాంసముతోను కోడిమాంసముతోను సరిపుచ్చుకొని తప్పించుకొంటిమని తలంతురు. ఊరివారందరును గలిసి పందులను పెంచు పేదకుటుంబములను దూషింతురు. నిజమునకు పందిమాంసము తినుటవలన మెదడులో పురుగు చేరదు. మెదడునకు పోవు పురుగు మానవుని మలమునుండి మానవుని నోటికి వచ్చుచున్నది. ఈ భేదమును స్పష్టముగ గ్రహింపనంతకాలము మన నివారణ ప్రయత్నము లన్నియు తప్పుత్రోవనే పోవును గనుక, దానిని కొంత విస్తరించి చెప్పుటకు మీ యనుమతిని వేడుచున్నాను.

టీనియా సోలియమ్ అను శాస్త్రనామముగల యీ బద్దెపురుగు పెరిగి పెద్దదైన రూపమున మానవుని చిన్నప్రేగులో తప్ప సహజముగ మరియే ప్రాణి కడుపునను నివసింపదు. మిల్లీమీటరు ప్రమాణముగల దాని తలపై నాలుగు చూషకములును, వాని నడుమ రెండు వరుసలుగ కొక్కెములును కలవు. వానితో ప్రేగుగోడను పట్టుకొని, 2 మొదలు 4 మీటర్ల వరకు, ఒక్కొక్కప్పు డంతకుమించియు పెరిగి, నోరును జీర్ణకోశమును లేనిదయ్యు, మనము జీర్ణించుకొనిన అన్నరసమును దేహమంతటితోను పీల్చుకొనుచు, అది యేండ్ల తరబడి సుఖముగ బ్రదుకును. దాని దేహము వందలకొలది ఖండములుగ నేర్పడియుండును. తుదనున్న పక్వఖండ మొక్కొక్క దానియందు 50,000 వరకు గ్రుడ్లు నిండియుండును. ఆ ఖండములు కొన్ని కొన్ని తెగి మలముతోగూడ వెలువడుచుండును. ఇంత జరుగుచున్నను, ఆ పురుగును మోయుచున్న మనుష్యునకు కొద్దిపాటి కడుపునొప్పియో, అజీర్ణమో తప్ప వేరు బాధ యుండదు; పెక్కుమందికి అదియును ఉండదు. ఈ నిశ్శబ్దమే దాని బలము.

ఊరి వెలుపల బహిర్భూమియందు పడిన యా మలమును, స్వేచ్ఛగ తిరుగు నాటుపంది తినును. గ్రుడ్డునుండి బయల్వెడలిన ఆరు కొక్కెముల సూక్ష్మమైన పిల్ల, పంది ప్రేగుగోడను తొలుచుకొని, రక్తప్రవాహమున బడి, కండలకును నాలుకకును మెదడునకును చేరి, రెండు మూడు నెలలలో, ఉడికిన సగ్గుబియ్యపుగింజను బోలి నీటితో నిండిన తెల్లని తిత్తిగ మారును. ఆ తిత్తిలో కాబోవు బద్దెపురుగు తల ముడుచుకొని వేచియుండును. అట్టి మాంసమును సరిగ నుడుకకుండ తినిన మనుష్యుని ప్రేగులో ఆ తల వెలుపలికి వచ్చి, గోడను పట్టుకొని, రెండు నెలలలో పూర్ణమైన బద్దెపురుగగును. మాంసము తినుటవలన కలుగు వ్యాధి యింతవరకే. ఇది ప్రేగులలోని వ్యాధి. ఒకటి రెండు మాత్రలతో నయమగు వ్యాధి.

కాని ఆ గ్రుడ్లు పంది నోటికి బదులు మనుష్యుని నోట బడినయెడల, పిల్లకు ఆ దేహమేదో యీ దేహమేదో తెలియదు. పందియందు చేయు ప్రయాణమునే మనుష్యునియందును చేయును. కండలలో, కంటిలో, వెన్నుపాములో, మెదడులో తిత్తులు కట్టును. మెదడునందలి తిత్తియే మూర్ఛలకు హేతువు. బద్దెపురుగును కడుపున మోయుచున్న వ్యక్తి మలవిసర్జనానంతరము చేతులను సబ్బుతో కడుగుకొనక పిండి కలిపిన, పచ్చడి నూరిన, పసిబిడ్డకు అన్నము ముద్దలు చేసి పెట్టిన, ఆ చేతినుండియే గ్రుడ్లు ఇంటిల్లిపాదికిని చేరును. తన చేతినుండి తనకును చేరును. మురుగునీటితో పండిన కొత్తిమీరయు ముల్లంగియు పచ్చిగ తినువారికిని భయము లేకపోలేదు గాని, బద్దెపురుగు మోయువారి యింటిలోనివారికే అపాయము మిక్కుటమని యనేక దేశముల యనుభవము చెప్పుచున్నది. న్యూయార్క్ నగరమున జరిగినది ఇదియే.

పందియందలి తిత్తియు మనుష్యుని బద్దెపురుగును ఒక్క ప్రాణియే యని పందొమ్మిదవ శతాబ్దివరకు లోకమునకు తెలియదు. పందిమాంసమునందలి గింజలవంటి తిత్తులను ప్రాచీన గ్రీకులెరుగుదురు. అరిస్టాటిల్ తన జంతుశాస్త్ర గ్రంథమున వానిని వర్ణించెను. 1853లో బెల్జియము దేశీయుడైన వాన్ బెనెడెన్, బద్దెపురుగు గ్రుడ్లను ఒక పందికి తినిపించి దాని కండలలో తిత్తులను చూచెను. తరువాత జర్మన్ వైద్యుడు కూఖెన్‌మైస్టర్, మరణదండన విధింపబడిన ఖైదీకి పందిమాంసమందలి తిత్తులను ఆహారములో గలిపి పెట్టించి, దండన జరిగిన పిదప ప్రేగులను కోయించి, అచ్చట పిల్ల బద్దెపురుగులు గోడను పట్టుకొనియుండుటను 1855లో ప్రకటించెను. ఈ పనిని ఆనాడే కొందరు గర్హించిరి. ఆ ప్రయోగమువలన లభించిన జ్ఞానము లక్షలమందికి ఉపకరించినదనుట వాస్తవమే. అయినను చావునకు సిద్ధముగనున్న యొక దీనుని దేహమును ఇట్లు వినియోగించుట నా మనస్సునకు నేటికిని సమ్మతము కాకున్నది.

ఈ వ్యాధియొక్క స్వరూపమును వైద్యలోకమునకు బాగుగ తెలిపిన చరిత్రలో భారతదేశమునకును స్థానమున్నది. పందొమ్మిదివందల ముప్పదులలో మెకార్థర్ అను బ్రిటిష్ సైనికవైద్యుడు, సైన్యమున చేరునాటికి సంపూర్ణారోగ్యవంతులై యుండిన యువకులు భారతదేశమున కొంతకాలము కొలువుచేసి తిరిగి వచ్చిన పిదప మూర్ఛరోగులగుటను గమనించి, దానికి కారణము ఈ తిత్తులేయని వెల్లడించెను. చనిపోయిన తిత్తులలో సున్నము పేరుకొనుటచేత, ఎక్సురే తీయగా తొడకండలలో అవి బియ్యపుగింజలంత తెల్లని చారలుగ కనబడెడివి. 1961లో డిక్సన్, లిప్‌స్కూంబ్ అను వైద్యు లిరువురు అట్టివారు 450 మంది వృత్తాంతములను సమగ్రముగ పరిశీలించి ప్రకటించిరి. గ్రుడ్డు నోటబడిన నాటికిని మొదటి మూర్ఛ వచ్చిన నాటికిని నడుమ ఏండ్లు గడచుచుండెనని వారు చూపిరి. ఇందువలననే ఈ వ్యాధియొక్క మూలమును రోగి ఎన్నడును జ్ఞాపకము చేసికొనజాలడు. ఎప్పుడో, ఎచ్చటనో, ఎవరి చేతినుండియో వచ్చిన గ్రుడ్డునకు సాక్షి యెవరు?

ఇంతకంటె హృదయవిదారకమైన వృత్తాంతము పశ్చిమ న్యూగినీ దేశపు పర్వతప్రాంతమునకు సంబంధించినది. అచ్చటి పనియాయి సరస్సుల చెంత ఎకారి యను జాతివారు నివసింతురు. పంది వారికి ధనము. పెండ్లికి కన్యాశుల్కమును, పండుగకు విందును, పగకు పరిహారమును పందియే. 1970 ప్రాంతమున ఇండోనేసియా ప్రభుత్వము వారి స్నేహమును కోరి బాలీ ద్వీపమునుండి పందులను కానుకగ పంపెను. ఆ పందుల కండలలో తిత్తులుండెను. ఆ సంగతి ఇచ్చినవారెరుగరు, పుచ్చుకొనినవారును ఎరుగరు. కొలది యేండ్లు గడచినంతనే ఎనరొటాలి గ్రామమందలి ఆసుపత్రికి, అంతకుమున్నెన్నడును లేనంతమంది, ఘోరముగ కాలిన దేహములతో రాసాగిరి. చలి మిక్కుటమైన యా కొండలలో జనులు గుడిసె నడుమ నెగడు వేసికొని దాని చుట్టును నిద్రింతురు. రాత్రివేళ మూర్ఛవచ్చినవాడు నిప్పులలోనికి పొరలి, తెలివిలేమిచేత తొలగజాలక, కాలు సేతులు కాలిపోవువరకు అట్లే పడియుండెడివాడు. కాలినగాయముల వెనుక మూర్ఛలను, మూర్ఛల వెనుక తిత్తులను, తిత్తుల వెనుక కానుకపందులను వైద్యులు ఒక్కొక్కటిగ కనుగొనిరి. 1978లో ఈ విషయము వైద్యపత్రికలకెక్కెను. ఏ తప్పును చేయని యొక జాతి, తాను ప్రాణముగ నెంచు జంతువు ద్వారమున, తన పూర్వులెరుగని వ్యాధికి లోనగుటను చదివినప్పుడెల్ల నాకు కలుగు వేదన యింతింతనరాదు.

మన తెలుగుదేశమున మూర్ఛరోగి స్థితి యెట్లున్నది? బడిలో పాఠము వినుచున్న పిల్లవానికో, పెండ్లికెదిగిన ఆడపిల్లకో హఠాత్తుగ మూర్ఛ వచ్చినంతనే చుట్టునున్నవారు తాళపుచెవుల గుత్తినో ఇనుపముక్కనో చేతబెట్టుదురు. ఉల్లిపాయ వాసన చూపుదురు. గాలి సోకెనని భూతవైద్యునికొరకు పరుగెత్తుదురు. ఇనుమువలన మూర్ఛ తగ్గదు. రోగిని ఒక ప్రక్కకు ఒత్తిగిలజేసి, నోటిలో ఏమియు పెట్టక, దెబ్బ తగులకుండ చూచిన చాలును. మూర్ఛ కొలది నిమిషములలో తగ్గనియెడల ఆసుపత్రికి చేర్పవలెను. అన్నిటికంటె విచారకరమైనది, పిల్లకు సంబంధములు రావను భయముచేత తలిదండ్రులు వ్యాధిని దాచి వైద్యమును మానుకొనుట. మెదడులోని యొక చిన్న తిత్తివలన కలిగిన మూర్ఛ వంశపారంపర్యము కాదు, శాపమును కాదు. ప్రపంచ ఆరోగ్యసంస్థ లెక్క ప్రకారము, ఈ పురుగు వ్యాపించియున్న దేశములలో మూర్ఛవ్యాధిగ్రస్తులలో 100కి 30 మందికి కారణమిదియే.

మన చిత్తూరు, కడప, నెల్లూరు జిల్లాలనుండి తరతరములుగ రోగులు పోవుచుండు వేలూరు క్రైస్తవ వైద్యకళాశాలలో ఈ వ్యాధినిగూర్చి గొప్ప కృషి జరిగినది. 1980ల వరకు, మూర్ఛవచ్చిన యువకుని మెదడును సి.టి. యంత్రముతో చిత్రించినప్పుడు కనబడు ఒంటి చిన్నమచ్చను క్షయవ్యాధి గడ్డయని మన దేశమున పలువురు వైద్యులు తలంచి, నెలల తరబడి క్షయమందులు మ్రింగించుచుండిరి. వేలూరు వైద్యులు చాందీ, రాజశేఖర్ మున్నగువారు అట్టి మచ్చలను శస్త్రచికిత్సతో తీసి పరీక్షించి, వానిలో పెక్కులు చనిపోవుచున్న బద్దెపురుగు తిత్తులేయని నిరూపించిరి. తరువాత వేలూరు జిల్లాలోని జనులను పరీక్షింపగా, మూర్ఛలు వచ్చుచున్నవారిలో మూడవవంతునకు ఈ తిత్తియే మూలమని తేలినది. అట్టి ఒంటిమచ్చలు పెక్కు కొన్ని నెలలలో తమంతట తామే కరగిపోవును. అంతవరకు మూర్ఛలను అదుపులో నుంచు మందు క్రమముగ వాడవలెను. తిత్తులను చంపు ఆల్బెండజోల్ మున్నగు మందులు కలవు గాని, తిత్తి చచ్చునప్పుడు దాని చుట్టును మెదడు వాచును; కావున వాపును తగ్గించు మందులతో జతచేసి వైద్యుని పర్యవేక్షణలోనే వాడవలెను. నట్టలమందే కదాయని అంగడిలో కొనితెచ్చి మూర్ఛరోగికి మ్రింగించుట ప్రమాదకరము. కంటిలో తిత్తి యున్నయెడల చూపునకే మోసము రావచ్చును.

పందినుండి మనకు సంక్రమించు ఇతర పరాన్నజీవులును కలవు. ఏలికపాములలో పందిజాతిది మనుష్యునకును సోకును. బలాంటిడియమ్ అను ఏకకణజీవి రక్తవిరేచనములు కలిగించును. అస్సాము, బీహారు ప్రాంతములలో చెరువులందలి నీటిమొక్కల కాయలను పంటితో ఒలుచుకొని తినువారి ప్రేగులకు ఒక జాతి జలగవంటి పురుగు పట్టును, దానికి పంది ఆశ్రయము. వీనిని పేర్కొని విడిచెదను. ట్రైకినెల్లా అను సూక్ష్మమైన పురుగునుగూర్చి మాత్రము నాలుగు మాటలు చెప్పవలెను. 1835లో లండను నగరమున జేమ్స్ పేజెట్ అను తొలియేటి వైద్యవిద్యార్థి, కళేబరమును కోయునప్పుడు కండలలో ఇసుకరేణువులవంటివి కత్తికి తగులగా, అందరును ఉపేక్షించుచుండిన వానిని తాను ఉపేక్షింపక పరిశీలించి, అందు చుట్టుకొనియున్న పురుగును కనుగొనెను. అది హానిలేనిదని లోకము తలంచుచుండ, 1860లో డ్రెస్డెన్ నగరమున సెంకర్ అను వైద్యుడు, సన్నిపాతజ్వరమని భావింపబడి మరణించిన యొక పనిపిల్ల కండలలో సజీవమైన యీ పురుగులను చూచి, ఆమె తినిన పందిమాంసమునందును వానినే చూపెను. 1865లో ప్రష్యా దేశమున హేడర్స్‌లెబెన్ అను చిన్న గ్రామమున పచ్చి పందిమాంసము తినుటచేత 300 మందికి పైగా జబ్బుపడి 100 మందికి పైగా మరణించిరి. మాంసమును సూక్ష్మదర్శినితో పరీక్షించినగాని అమ్మరాదను శాసనముకొరకు జర్మన్ వైద్యుడగు విర్కో మహాశయుడు పోరాడిన కాలమది. బాగుగ ఉడికిన మాంసమున ఈ పురుగును బ్రదుకదు, తిత్తియు బ్రదుకదు; ఎముక చెంత ఎరుపుతనము పోవువరకు ఉడికించు మన వంట ఈ విషయమున మనకు రక్ష. నిప్పులపై పైపైన కాల్చిన ముక్కలవిషయమున మాత్రము జాగరూకత వలయును.

మన పట్టణములలో వ్యాధిభయము కలిగినప్పుడెల్ల మునిసిపాలిటీవారు పందులను పట్టించి ఊరవతలకు తోలింతురు. మెదడువాపు వ్యాధియు పందులవలననే కదాయని ప్రజలు రెంటిని కలిపివేయుదురు. అది దోమకాటున వచ్చు వైరసు వ్యాధి, దీనితో సంబంధము లేనిది. పందులు వెడలిపోయిన పిదపను బద్దెపురుగును కడుపున మోయు మనుష్యుడు ఊరిలోనే యుండును. ఏండ్ల తరబడి గ్రుడ్లు విడుచుచునే యుండును. పందులను తరతరములుగ పెంచుచున్న ఎరుకల కుటుంబములు, బుట్టలల్లియు సోదె చెప్పియు బ్రదికిన ఆ జనులు, తెల్లదొరల కాలమున నేరస్థజాతియను ముద్రకు గురియై బాధలు పడిరి. నేడు వ్యాధికారకులను ముద్రను వారిపై వేయుట న్యాయము కాదు. పంది మలము తినుచున్నదనిన, అచ్చట మలము పడవేసినవారెవరు? మరుగుదొడ్డి లేని వాడలోనే పంది తిత్తులను మోయును; కొష్టములో కట్టివేసి దాణా పెట్టి పెంచిన సీమపందికి మనుష్యమలము అందనే అందదు గనుక పురుగుపిల్ల దాని కండలకు చేరు త్రోవయే లేదు.

ఈ పురుగును ఒక ప్రాంతమునుండి తొలగించుట సాధ్యమేనని పెరూ దేశీయులు చూపిరి. తుంబెస్ అను ప్రాంతమున 107 గ్రామములలో, 80,000 మందికి పైబడిన జనమునకు బద్దెపురుగు మందును, పందులకు తిత్తులను చంపు మందును టీకాలను ఇచ్చి, పిదప పరీక్షింపగా 105 గ్రామములలో వ్యాప్తి ఆగియుండెను. 2016లో ఈ ఫలితము ప్రకటితమయ్యెను. పందులకు వేయు టీకాను కనిపెట్టినవారు ఆస్ట్రేలియా దేశమున మెల్బోర్న్ విశ్వవిద్యాలయమందలి లైటోలర్స్ మున్నగువారు. దానిని విరివిగ తయారుచేయు ఘనత మన హైదరాబాదునందలి ఇండియన్ ఇమ్యునలాజికల్స్ సంస్థకు దక్కినది. అదే 2016లో వారు ఆ టీకాను విపణికి తెచ్చిరి. మన నగరమున తయారగు ఆయుధమును మన వాడలలోనే వాడకుండుటకు నాకు సమాధానము దొరకుట లేదు.

చిక్కు ఎచ్చటనున్నదో చెప్పెదను. తిత్తులున్న పంది పైకి ఆరోగ్యముగనే కనబడును, బరువు తగ్గదు, చావదు. టీకా వేయించినందున పెంపకందారునకు సంతలో ఒక్క రూపాయి ఎక్కువ రాదు. లాభము ఎదుటివాని మెదడునకు, ఖర్చు తన చేతిసంచికి. ఇట్టి బేరమును పేదవానినుండి ఆశించుట ధర్మము కాదు. గాలికుంటు వ్యాధికి పశువులకు ప్రభుత్వము ఉచితముగ టీకాలు వేయించుచున్నది. ఆ టీకాతో వాడకు వచ్చు పశువైద్యుడే పందికి ఈ టీకాను, తిత్తులను చంపు ఆక్స్‌ఫెండజోల్ మందును ఇచ్చిపోవచ్చును. అదే దినమున ఆశా కార్యకర్త ఇంటింటికి పోయి, మలములో తెల్లని బద్దెలవంటివి పడుచున్నవారెవరైన కలరాయని సిగ్గుపడనీయక అడిగి, అట్టివారిని ప్రాథమిక ఆరోగ్యకేంద్రమునకు పంపి నిక్లోసమైడ్ మాత్రలు ఇప్పింపవచ్చును. పశుసంవర్ధకశాఖయు ఆరోగ్యశాఖయు ఒక్క మండలమున, ఒక్క సంవత్సరము, ఒకే పట్టికను ముందుంచుకొని యీ పనికి పూనుకొనవలెనని నా ప్రార్థన.